ఉస్తాద్ బిగించని రివర్సు

చనిపోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది. ఆయన పోయి నలభై రోజులు కూడా కాలేదు, కానీ "ఉస్తాద్" అన్న మాట చెవిన పడితే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన అసలు పేరేమిటో నాకు తెలియదు. శాలిబండ నుంచి చార్మినార్ దాకా పాత మోటార్‌సైకిళ్ళు ఉన్నవాళ్ళంతా ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. రెండేళ్ళపాటు ఒక్క గేర్‌బాక్సు కోసం నన్ను తన వెంట తిప్పుకున్నాడు. చివరికి బిగించకుండానే వెళ్ళిపోయాడు.

నా బండి సంగతి ముందు చెప్పాలి. అది నా కంటే కొంచెమే చిన్నది. ఎడమ పక్కన సైడ్‌కార్ ఉంటుంది. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయినప్పుడు, తోటి ఉద్యోగి ఒకాయన దాన్ని అమ్మేస్తుంటే సరదాకి కొన్నాను. సరదా కాస్తా అవసరమైంది. మూడేళ్ళ కింద మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. ఆటోలో కూర్చోబెడితే మొదటి మలుపులోనే ఎడమకి జారిపోయేది, పట్టుకుందామంటే ఆ చేతికి బలం లేదు. సైడ్‌కార్ తొట్టిలో అయితే రెండు పక్కలా గోడ ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు. వారానికి రెండుసార్లు కసరత్తుల డాక్టరు దగ్గరికి, ఎప్పుడైనా లాల్‌దర్వాజాలో వాళ్ళ అక్క ఇంటికి, అందులోనే తీసుకెళ్ళేవాణ్ణి.

చిక్కంతా మా గల్లీతో వచ్చింది. మా ఇల్లు గల్లీ చివర. అక్కడితో దారి ఆగిపోతుంది. బండి మా గడప దాకా ముందుకి వస్తుంది, తిప్పడానికి మాత్రం చోటు ఉండదు. బయటికి పోవాలంటే పదకొండు గడపలు దాటుకుంటూ వెనక్కి నెట్టుకుపోవాలి. కాళ్ళు బాగున్నప్పుడు నేనే సీటు మీద కూర్చుని పాదాలతో తోసుకుంటూ పోయేవాణ్ణి. తర్వాత నా కుడి మోకాలు పోయింది. ఇక ప్రతిసారీ గల్లీలో ఎవరో ఒకరిని పిలవాల్సి వచ్చింది. పిలిస్తే రానివాళ్ళు లేరు. అదే నాకు కష్టం. "ఏంది సారూ, ఇయ్యాల సవారీ ఎటు?" అని నవ్వుతూ వచ్చి చెయ్యి వేసేవాళ్ళు. నేనూ నవ్వాలి. కసరత్తుల డాక్టరు దగ్గరికి పోతున్నామని ప్రతివాడికీ చెప్పాలి. తొట్టిలో మా ఆవిడ తలవంచుకుని కూర్చునేది, నలుగురూ కలిసి మమ్మల్ని ఊరేగింపులా వెనక్కి తోసేవాళ్ళు.

రివర్సు గేరు ఒకటి పెట్టించుకుంటే ఈ బాధ ఉండదనుకున్నాను. ఎవరిని అడిగినా ఉస్తాద్ పేరే చెప్పారు.

ఆయన దుకాణం అంటే ఒక షట్టరు, దానికింద ఒక్క బండికే చోటు. రెండో బండి వస్తే మొదటిది రోడ్డు మీదికి పోవాలి. నేను వెళ్ళినప్పుడు నేల మీద గొంతుక్కూర్చుని ఏదో ఇంజను మూత విప్పుతున్నాడు. నా మాట పూర్తిగా విన్నాడు. ఆయనకి ఒక అలవాటు ఉండేది. మాట్లాడే ముందు చేతులు తుడుచుకునేవాడు, చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే. పది వేళ్ళూ అయితే గానీ నోట మాట రాదు. తొందరలో ఉన్నవాడికి ఆ పది వేళ్ళు పది గంటలు. అప్పుడు అడిగాడు, తొట్టిలో ఎవరు కూర్చుంటారని. మా ఇంటామె అన్నాను. ఏ దిక్కుకి ఒరుగుతారని అడిగాడు. గేరు గురించి ఒక్క ముక్క లేదు.

మర్నాడు మా ఇంటికి వచ్చాడు. గల్లీ మొదటి నుంచీ చెప్పుల చప్పుడు చేసుకుంటూ ఒక్కో గడప దగ్గరా ఆగి, గోడకీ గోడకీ మధ్య తన మూరతో కొలుచుకుంటూ వచ్చాడు. మా ఆవిడకి సలాం చెప్పి, భాభీ అన్నాడు. ఆమె తొట్టిలో ఎలా కూర్చుంటుందో చూపించమన్నాడు. చూపించాం. ఆమెని దించాక తను ఎక్కి కూర్చున్నాడు. భుజం మీది రుమాలు తీసి తన ఎడమ చేతిని ఒంటికి గట్టిగా కట్టుకుని, ఇక నన్ను వెనక్కి తోయమన్నాడు. ఇంతలేసి మీసాలున్న మనిషి చెయ్యి కట్టుకుని తొట్టిలో కూర్చుంటే గల్లీ అంతా కిటికీల్లోంచి చూసింది. నేను, పక్కింటాయన కలిసి తోశాం. ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండుసార్లు తల పక్కకి కొట్టుకుంది. ఆపమనలేదు.

"ఎనకకు పొయ్యేటప్పుడు మనిషికి కండ్లుండయి సాబ్," అన్నాడు దిగుతూ. "భాభీకి అయితే చెయ్యి గూడ లేదు. ఝట్కా రావద్దు." కుదుపు ఉండకూడదని.

నాకు ఆ మాట నచ్చింది. పనిమంతుడనుకున్నాను. చాయ్ పెట్టి తెస్తానని లోపలికి వెళ్ళాను. తెచ్చేసరికి రుమాలు మళ్ళీ భుజం మీదికి వచ్చింది, ఆయన గడప మీద కూర్చుని ఉన్నాడు. చాయ్‌ని సాసర్‌లో సగమే పోసుకుని తాగాడు. కొంచెం టైం పడుతుందన్నాడు. పర్వాలేదన్నాను. ఆ 'పర్వాలేదు' అన్నందుకు తర్వాత నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో లెక్కలేదు.

మూడు దారులున్నాయి ఆ పనికి. ఆటో గేర్‌బాక్సు పెట్టుకోవచ్చు, దానికి రివర్సు పుట్టుకతోనే ఉంటుంది. పాత చిన్నకారుది పెట్టుకోవచ్చు. లేదా బండికున్న గేర్‌బాక్సుని అలాగే ఉంచి, దానికీ వెనక చక్రానికీ మధ్య చిన్న రివర్సు పెట్టె ఒకటి తగిలించుకోవచ్చు. మోటార్‌సైకిల్‌కి ట్రాలీ కట్టుకుని సామాన్లు మోసేవాళ్ళు అలాంటివే వాడతారు. ముప్పై ఏళ్ళు లోహాలతో బతికినవాణ్ణి, ఇదంతా నేనే ఒక కాగితం మీద రాసి ఆయనకి ఇచ్చాను. ఏది బాగుంటుందో ఒక్క మాట చెప్తే మర్నాడే తెప్పిస్తానన్నాను.

ఆయన కాగితం చూడలేదు. "గేరు తర్వాత సాబ్. ముందుగాల దాన్ని నడిపినోణ్ణి సూడాలె," అన్నాడు.

నవ్వులాట అనుకున్నాను. కాదు. పాత గేర్‌బాక్సు ఎవరి చేతి కింద అరిగిందో చూడందే ముట్టుకోడట. సామాను దొరకడం ఎంతసేపు, దాని వెనకున్న మనిషిని వెతకడమే పని. ప్రతి మంగళవారం, ప్రతి శనివారం పొద్దున పది గంటలకి వచ్చి గడప ముందు నిలబడేవాడు. నేను చెప్పులేసుకుని ఆయన స్కూటరు వెనక ఎక్కేవాణ్ణి. ఏ చాంద్రాయణగుట్టకో పోయి, అక్కడ బండి తుక్కుకి ఇచ్చేసిన ఆటో డ్రైవరుని పట్టుకునేవాళ్ళం. ఉస్తాద్ అతనితో గేరు మాట ఎత్తడు. పిల్లలెంతమంది, ఇల్లెక్కడ, నడుము నొప్పి ఉందా అని అడుగుతాడు. చాయ్ తాగుతాడు. వాడు ఇంకో ఆటో నడుపుతుంటే అందులో ఎక్కి చౌరస్తా దాకా పోయి వస్తాడు. రెండు గంటలు గడిచాక నన్ను పక్కకి పిలిచి, నెమ్మదిగా "నక్కో సాబ్" అంటాడు. వద్దని. ఈయన కోపంగా గేరు మారుస్తాడు, పళ్ళ మూలలు పోయి ఉంటాయని. ఇంకొకాయన మరీ మెత్తగా మారుస్తాడని. ఇంకొకాయన పెళ్ళాంతో గొడవపడి ఇంట్లోంచి వచ్చాడని. పెళ్ళాంతో గొడవకీ గేర్‌బాక్సుకీ సంబంధమేమిటి అని అడిగితే, వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

చిన్నకారుది ఒకటి దొరికింది. నాకు బాగా నచ్చింది. బరువెక్కువ, మీ బండి కుడికి మొగ్గుతుంది, నక్కో సాబ్ అన్నాడు ఉస్తాద్. బేగంబజార్‌లో పప్పుల బస్తాలు మోసే ట్రాలీ నుంచి చిన్న పెట్టె ఒకటి దొరికింది. దాని యజమాని పెద్దమనిషి, నలభై ఏళ్ళుగా అదే పని, కాలు పెట్టడం చూస్తే నాకే ముచ్చటేసింది. ఇదైనా సరేనా అన్నాను. ఉస్తాద్ ఆ పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. లోపల వదులుంది, రివర్సు పడేటప్పుడు ఝట్కా ఇస్తుంది అన్నాడు. కానీ తీసుకున్నాడు. చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం ఎంతకీ తెమల్లేదు.

వేరేవాళ్ళ పని మాత్రం చకచకా చేసేవాడు. నా కళ్ళ ముందే ఒకాయన క్లచ్ గంటలో కట్టిచ్చాడు. పెళ్ళి బారాత్‌లకి పాత బళ్ళు అద్దెకిచ్చే ఒక మనిషి పొద్దున ఇంజను తెచ్చి సాయంత్రానికి తీసుకుపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికే ఆయనకి ప్రపంచంలోని డ్రైవర్లందరి గుణగణాలూ కావాలి. ఇంటికొచ్చి మా ఆవిడ ముందు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. ఆమె నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, పోనీలే నిదానంగా చేయనివ్వండి అనేది. ఆమె మంచితనం కూడా నాకు చిరాకే తెప్పించేది.

ఒకటిన్నర ఏడాది అయ్యాక నా ఓపిక చచ్చిపోయింది. ఉస్తాద్‌కి చెప్పకుండా ఇంకో మెకానిక్కుని ఇంటికి పిలిపించాను. ఆటో గేర్‌బాక్సు నేనే కొన్నాను, డ్రైవరు ఎవరో కనుక్కోకుండా. పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇటు బిగించు, అటు వెల్డింగు పెట్టు అని నేనే చెప్పాను. ఒక్కరోజులో పని అయిపోయింది. గర్వంగా మా ఆవిడని తొట్టిలో కూర్చోబెట్టి, గల్లీ వాళ్ళందరినీ ఇవాళ ఎవరూ చెయ్యి వెయ్యక్కర్లేదని దూరంగా ఉండమన్నాను. రివర్సు వేసి క్లచ్ వదిలాను. బండి ముందుకి దూకి మా గడపని గుద్దింది. కంగారులో మొదటి గేరు వేశాను. వెనక్కి పోయింది. రెండో గేరు, ఇంకా జోరుగా వెనక్కి. నా బండికి ఇప్పుడు వెనక్కి నాలుగు గేర్లు, ముందుకి ఒకటి.

చేసిన తప్పు ఏమిటో అప్పటికి నాకు తెలియలేదు. తెలియాల్సింది. ఆటోలో ఇంజను దగ్గర పళ్ళచక్రం ఇంకో పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, కాబట్టి ఒకటి అటు తిరిగితే రెండోది ఇటు తిరుగుతుంది. నా పాత బండిలో ఆ రెండింటి మధ్య చైను ఉంటుంది. చైనుకి రెండు చక్రాలూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. అంతా తలకిందులైంది. ఫోర్‌మన్‌గారు స్టూలు మీద కూర్చుని చేయించిన పని అది. తొట్టిలో మా ఆవిడకి ఏమీ కాలేదు గానీ, నవ్వింది. జబ్బు చేశాక ఆమె అంతలా నవ్వడం అదే మొదలు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. గల్లీ కూడా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. గల్లీ నవ్వితే సరే, ఆమె నవ్వడం నాకు గుచ్చుకుంది.

ఉస్తాద్ వచ్చాడు. వచ్చి నవ్వలేదు. ఒక్క మధ్యాహ్నంలో దాన్ని విప్పేసి, పాత గేర్‌బాక్సు యథాస్థానంలో పెట్టి పోయాడు. ఒక్క మధ్యాహ్నంలో. అంత చేతనైనవాడికి నా పనే ఎందుకు చేతకాదని నా మంట మళ్ళీ రెట్టింపైంది.

ఆ తర్వాత నాలుగైదు నెలలకి ఆయన దుకాణం ముందు జరిగింది ఇప్పుడు చెప్పుకోవడానికి నాకు ఇష్టంగా లేదు. ఆ రోజు బయట ఆరేడుగురు ఉన్నారు, అందరూ ఆయన చేతి పనిని నమ్ముకుని దూరాల నుంచి వచ్చినవాళ్ళు. నేను ఎప్పుడు బిగిస్తావని అడిగాను. ఇంకో డ్రైవరు ఉన్నాడు, శనివారం పోదామన్నాడు.

"నీకు చేతనైతలేదని చెప్పు ఉస్తాద్. నేను ఇంకో దిక్కు చూసుకుంట," అన్నాను. అరిచాననే చెప్పాలి.

అందరూ ఇటు తిరిగారు. యాభై ఏళ్ళ పనిలో ఆ మనిషిని ఆ మాట అన్నవాడు ఉండడు. ఆయన చిటికెన వేలితో మొదలుపెట్టాడు. పది వేళ్ళూ తుడుచుకున్నాడు.

"హౌ సాబ్. నాకు చేతనైతలేదు," అన్నాడు. "ఇంకొన్ని దినాలు ఆగుండ్రి."

వచ్చినవాళ్ళలో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. నేను గెలిచినట్టు ఇంటికి వచ్చాను. ఆ తర్వాత మళ్ళీ ఆయన్ని చూడలేదు. మూడు వారాలకి, చాయ్ హోటలు నడిపే మా ఇద్దరికీ తెలిసిన మనిషి ఫోను చేసి, ఉస్తాద్ పొద్దున నమాజు చేసి వచ్చి పడుకుని మళ్ళీ లేవలేదని చెప్పాడు. వెళ్ళాను. ఖబ్రస్తాన్‌లో వెనక వరసలో నిలబడ్డాను. మట్టి వేస్తుంటే నాకు కలిగిన ఆలోచన, ఇక నా బండి ఎవరు చేస్తారని. అబద్ధం ఎందుకు, అదే కలిగింది.

పది రోజుల తర్వాత ఆయన తమ్ముడు కబురు పెట్టాడు. వెళ్తే, పాత చొక్కా గుడ్డలో చుట్టిన మూట ఒకటి నా ముందు పెట్టాడు. మీదే సాబ్ అన్నాడు. విప్పి చూశాను. బేగంబజార్ ట్రాలీ నుంచి వచ్చిన చిన్న రివర్సు పెట్టె. కడిగి, నల్లరంగు వేసి ఉంది. రెండు ఇనప పట్టీలు నా బండి కొలతకే కోసి, రంధ్రాలు పెట్టి ఉన్నాయి. గేరు పడేచోట రబ్బరు బిళ్ళలు కూర్చాడు, ఝట్కా రాకుండా. అంత చక్కని పని నేను ఫ్యాక్టరీలో కూడా అరుదుగా చూశాను. దాని మీద దుమ్ము పట్టి ఉంది.

"ఇది ఎప్పుడు చేసిండు?" అన్నాను.

"పోయిన రంజాన్‌కు ముందే అయింది సాబ్. బిగిస్తవా భాయ్ అంటే, జర ఠైరో, ఆగు అంటుండె."

ఏడాది దాటింది. ఏడాదిగా తయారుగా ఉంది. ఆ ఏడాదంతా మంగళవారాలు, శనివారాలు నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. నేను స్టూలు మీద కూర్చుని నవ్వులపాలైనప్పుడు కూడా ఇది ఆ షట్టరు కిందే ఉంది. మూట పట్టుకుని ఇంటికి వచ్చి, దాన్ని నేల మీద పడేసి అరిచాను. చచ్చినవాణ్ణి ఏమేమి అన్నానో నాకే గుర్తులేదు. దగాకోరు అన్నానని మాత్రం గుర్తుంది.

మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. నేను ఆగేదాకా ఆగింది.

"ఆయనను అనకుండ్రి. నేనే వద్దన్న," అంది.

మొదటిరోజు, నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో అడిగిందట. రివర్సు పెడితే నన్ను ఈ గడపలోనే ఎత్తి కూర్చోబెడతారు, ఈ గడపలోనే దించుతారు, ఇక అంతే భాయ్, నడిచే పనే ఉండదు, నేను గల్లీ మొదటి దాకా నా కాళ్ళతో పోవాలి, నాకు టైం ఇప్పించండి అని. ఆయన సరే భాభీ అన్నాడట. ఒక్క ప్రశ్న మాత్రం వేశాడట, సాబ్ ఇంట్లో ఉంటే కుదరదు కదా అని. అందుకే మంగళవారం, శనివారం. మేం సందు మలుపు తిరగగానే పక్కింటావిడ వచ్చి ఎదురుగా నిలబడేది, ఈమె గోడ పట్టుకుని బయటికి అడుగు వేసేది. రెండుసార్లు పడింది. మోచెయ్యి చెక్కుకుపోతే, కడుక్కునేటప్పుడు తగిలిందని నాకు చెప్పింది. ఉస్తాద్ వచ్చినప్పుడల్లా కిటికీలోంచి కుడి చెయ్యి ఎత్తి వేళ్ళు చూపించేదట, ఎన్నో గడప దాకా పోయిందో. ఆయనకి ఆదాబ్ చేస్తోందనుకున్నాను నేను.

ఆ డ్రైవర్ల పిచ్చి ఆయనకి నిజంగా ఉందో, నన్ను బయట ఉంచడానికి కల్పించాడో ఇప్పుడు ఎవరిని అడగాలి? దుకాణం దగ్గర కొందరు, ఉస్తాద్ ఎప్పుడూ అంతే అంటారు. కొందరు ఎన్నడూ వినలేదంటారు. చేతనైతలేదని ఆరేడుగురి ముందు ఒప్పుకున్నాడే, అది మాత్రం కల్పించిందే. నాకు తెలుసు. యాభై ఏళ్ళ పేరుని నా అరుపు కింద పెట్టి పోయాడు, ఒక్క మాట చెప్పి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి కదా. అదే నా కోపం.

"నాకు చెప్తే ఏం పోయేది?" అని అడిగాను ఆమెని.

"మీకు చెప్తే వచ్చి పట్టుకుంటరు," అంది. "మీరు పట్టుకుంటే నాకు నడక రాదు."

ముప్పై ఐదేళ్ళుగా ఎరిగిన మనిషి, నన్ను సరిగ్గానే ఎరుగును.

పెట్టె మంచం కింద ఉంది. గంటలో బిగిస్తామని ఇద్దరు మెకానిక్కులు చెప్పారు. పిలవలేదు. మంగళవారం, శనివారం నన్ను తీసుకుపోయేవాడు లేడు. ఎక్కడికి పోవాలో తోచదు. ఉంటే ఉండండి, లేవకండి అంటుంది ఆమె. నిన్న శనివారం ఐదో గడప దాటింది. ఆరో గడప దగ్గర ఎడమ పాదం మడతపడింది. తూలింది. రెండు అడుగులు పక్కకి పోయి భుజం గోడకి కొట్టుకుని ఆగింది, అక్కడే ఊపిరి తీసుకుంటూ చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగి నా వైపు చూడలేదు. నేను గడప మీదే ఉన్నాను, రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని కూర్చున్నాను.